ఖాళీ తూటాను ఇంట్లో మళ్లీ నింపుకోవచ్చా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కాల్చిన తూటాలను మళ్లీ నింపి వాడుకోవడం, అంటే రీలోడింగ్, గురించి ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల్లోని తెలుగు పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. మా తాతగారి నాటి పన్నెండు బోరు జోడు గొట్టాల తుపాకి ఇప్పుడు నా పేరున లైసెన్సుతో ఉంది. తూటాల ధర పెరుగుతోంది, వాటి కోసం చాలా దూరం వెళ్లవలసి వస్తోంది. కాల్చిన తూటాల డొప్పలు ఒక సంచీడు దాచి ఉంచాను. అమెరికాలో వాటిలో మళ్లీ మందు, సీసపు రవ్వలు నింపుకుంటారని వీడియోల్లో చూశాను. లైసెన్సు ఉంది కాబట్టి నేను కూడా ఇంట్లో నింపుకోవచ్చునా? ఏయే సామాను కావాలి?

జవాబు: నింపుకోకూడదండీ. మీకు ఇచ్చిన లైసెన్సు తుపాకిని, దానికి కావలసిన తూటాలను దగ్గర ఉంచుకోవడానికే తప్ప తూటాలు తయారు చేసుకోవడానికి కాదు. 1959 నాటి ఆయుధాల చట్టంలో ఈ రెండు పనులూ వేర్వేరు సెక్షన్ల కింద ఉన్నాయి. కలిగి ఉండడం మూడో సెక్షన్ కిందికి వస్తే, తయారీ, అమ్మకం, మరమ్మతు, మార్పులు చేయడం వంటివి అయిదో సెక్షన్ కిందికి వస్తాయి, వాటికి వేరే లైసెన్సు ఉండాలి. డొప్పకు కొత్త ప్రైమర్ (సూది దెబ్బకు నిప్పు పుట్టించి మందును అంటించే చిన్న టోపీ) బిగించి, మందు పోసి, రవ్వలు వేసి, మూతి మడిచాక చేతికి వచ్చేది కాల్చడానికి సిద్ధమైన తూటాయే గనుక, ‘నేను కొత్తగా చేసిందేమీ లేదు, పాతదాన్నే నింపాను’ అన్న మాట కోర్టులో కాపాడుతుందని నమ్మి ఎవరూ ఈ పనికి దిగకూడదు. లైసెన్సు లేని తయారీకి ఒకప్పుడు మూడు నుంచి ఏడేళ్ల శిక్ష ఉండేది. 2019 సవరణతో అది కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం అయింది.

సామాను గురించి అడిగారు గనుక ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ చట్టం దృష్టిలో నిండు తూటా ఒక్కటే తూటా కాదు. తూటా విడిభాగాలు, తూటాలు తయారు చేసే యంత్రాలు కూడా అదే నిర్వచనంలోకి వస్తాయి. అందుచేత వీడియోలో చూసిన ప్రెస్సును, అంటే తూటాలు నింపే యంత్రాన్ని, ఎవరిచేతనో తెప్పించుకుని, నింపేది తరువాత చూసుకుందాం అనుకున్నా, చిక్కు పార్సిల్ ఇంటికి చేరిన రోజే మొదలవుతుంది.

ఇక ఆదా సంగతి. అమెరికాలో రైఫిల్ వాడేవారికి రీలోడింగ్ గిట్టుబాటు కావడానికి ముఖ్య కారణం ఇత్తడి డొప్ప. తూటాలో ఖరీదైన భాగం అదే, దాన్ని జాగ్రత్తగా వాడుకుంటే పలుమార్లు పనికి వస్తుంది. పన్నెండు బోరు తూటా డొప్ప ప్లాస్టిక్‌ది, చవకది. ఖర్చంతా మందు, రవ్వలు, ప్రైమర్, మందుకూ రవ్వలకూ నడుమ పెట్టే వాడ్ అనే బిళ్ల మీద పడుతుంది. పోటీలకు తయారవుతూ వారానికి వందలకొద్దీ కాల్చేవారికి తప్ప, ఏడాదిలో కొద్ది తూటాలు వాడే రైతుకు అక్కడ కూడా మిగిలేది తక్కువే.

చట్టాన్ని పక్కన పెట్టి చూసినా, మన పల్లెల్లో ఈ పని ప్రమాదకరం కావడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది, దాన్ని కాస్త వివరంగా చెబుతాను. నాటు తుపాకిలో నల్లమందును, అంటే పాతకాలపు నల్లని తుపాకి మందును, కొలపాత్రతో పోయడం చూసి పెరిగిన పెద్దలు మన ప్రాంతంలో ఇంకా ఉన్నారు. ఆ అనుభవం నల్లమందు వరకే పనికి వస్తుంది. నేటి తూటాల్లో ఉండేది పొగరాని మందు, 1884లో ఫ్రాన్సులో పాల్ వియే రూపొందించిన మందు జాతికి చెందినది. దాన్ని తూకంతో కొలుస్తారు. తూకానికి వాడే గ్రెయిన్ అన్న ప్రమాణం ఒక గ్రాములో సుమారు పదిహేనో వంతు మాత్రమే. అంటే కంటికి ఆనని తేడా కూడా లెక్కలోకి వస్తుంది. పైగా పొగరాని మందుల్లో త్వరగా మండేవి, నిదానంగా మండేవి ఎన్నో రకాలున్నాయి, రంగును, రేకును చూసి వాటిని గుర్తుపట్టడం ఎవరి తరమూ కాదు. నల్లమందు పోసే కొలపాత్రతోనే పొగరాని మందు పోస్తే గొట్టం చీలుతుంది, పట్టుకున్న ఎడమ చెయ్యి పోతుంది. పన్నెండు బోరు తూటాకు అమెరికా పరిశ్రమ ప్రమాణాల సంస్థ సామీ పెట్టిన హద్దు చదరపు అంగుళానికి 11,500 పౌండ్ల పీడనం. హద్దు దాటిందన్న సంగతిని షాట్‌గన్ తూటా ముందుగా చెప్పదు, ఇంట్లో దాన్ని కొలిచే సాధనమూ ఉండదు.

మీరు చేయదగిన పనులు ఉన్నాయి. తాతగారి తుపాకి ఇంగ్లండులో తయారైనదైతే, గొట్టాలను విప్పి వాటి అడుగున కొట్టిన ముద్రలను పట్టపగటి వెలుతురులో చూడండి. లండన్ లేదా బర్మింగ్‌హామ్ పరీక్షాకేంద్రపు ముద్రతో పాటు ‘నైట్రో ప్రూఫ్’ అన్న మాట ఉంటే అది పొగరాని మందుకు పరీక్షించిన తుపాకి. ఆ మాట లేకపోయినా, గొట్టం మీద మెలికలు తిరిగిన చారలు కనబడినా, లైసెన్సున్న తుపాకుల మేస్త్రీ చూసేదాకా దాన్ని కాల్చకండి. గొట్టంలో తూటా కూర్చునే గది పొడవు కూడా తెలుసుకోవాలి. పాత ఇంగ్లిషు తుపాకుల్లో చాలావాటికి అది రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు దొరికే తూటాల్లో ఎక్కువ భాగం 70 మిల్లీమీటర్లవి. పొడవు తూటా పొట్టి గదిలో హాయిగా కూర్చుంటుంది గనుకనే మోసం తెలియదు; కాల్చినప్పుడు మూతి మడత పూర్తిగా విచ్చుకునే చోటు లేక పీడనం పెరుగుతుంది. ఖడ్కీ కర్మాగారంలో తయారయ్యే ‘శక్తిమాన్’ తూటాలు కొన్నా, మరేవి కొన్నా, పెట్టె మీది పొడవు చూసి మీ తుపాకికి సరిపడేవే అడగండి.

సంచీలోని డొప్పలను పాత సామాన్ల వాడికి తూకానికి వేయకండి. లైసెన్సున్న డీలరుకో పోలీసు స్టేషనుకో అప్పగించి రసీదు తీసుకోండి. మరొక మాట, మీకు ఆంధ్రలోని పాతపట్నం నది దాటితే వచ్చేస్తుంది, చుట్టాల ఊళ్లు అటూ ఇటూ ఉంటాయి; కానీ మీ లైసెన్సు ఒడిశాకే పరిమితమై ఉంటే తుపాకితో ఆ వంతెన దాటడం నేరమే అవుతుంది. లైసెన్సులో అమలు పరిధి అని రాసిన గడిని ఒకసారి చదివి చూడండి.

ప్రశ్న: గుణుపురం దగ్గర మాకు కొండవాలు పొలం ఉంది. అడవి పందులు మొక్కజొన్నను దున్నేస్తున్నాయి. నాటు తుపాకికి లైసెన్సు ఇస్తారా? ఇస్తే మందు మేమే చేసుకోవచ్చా?

జవాబు: పంట కాపలా కోసం మూతి నుంచి మందు కూర్చే తుపాకికి లైసెన్సు అడిగే వీలు ఆయుధాల చట్టంలోనే ఉంది. అది చాలదని అధికారికి తోస్తే మరో రకం నున్నగొట్టం తుపాకికి కూడా ఇవ్వవచ్చు. దరఖాస్తు జిల్లా కలెక్టరు కార్యాలయంలో పెట్టుకోవాలి. అయితే రెండో ప్రశ్నకు జవాబు ‘కూడదు’ అనే. మందు, టోపీలు లైసెన్సున్న దుకాణంలో, లైసెన్సులో రాసిన మేరకే కొనాలి. ఇంటి దగ్గర మందు నూరడం ఆయుధాల చట్టంతో పాటు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద కూడా తప్పే. అంతకన్నా ముఖ్యం, నూరుతుండగా ఒక్క నిప్పురవ్వ పడితే, ఒరిపిడికి వేడెక్కితే, అది ఇంటిల్లిపాదినీ కాలుస్తుంది.

తుపాకి లైసెన్సు రాగానే పందిని కాల్చవచ్చునని కూడా అనుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి రక్షణ ఉంది, అటవీశాఖ అనుమతి విడిగా కావాలి. ఆ అనుమతి వచ్చేలోగా, పంట నష్టాన్ని వెంటనే రేంజి కార్యాలయంలో నమోదు చేయించి పరిహారానికి దరఖాస్తు పెట్టడం మీకు నిజంగా ఉపయోగపడే పని. తీగలకు కరెంటు పెట్టే ఆలోచన మాత్రం ఎవరు చెప్పినా వినకండి. పందికన్నా ముందు పక్క పొలం మనిషి దానికి బలి కావచ్చు.

ప్రశ్న: మాది జయపురం. మా అబ్బాయి ఉద్యోగం మీద టెక్సస్‌లో ఉన్నాడు. స్నేహితులతో రైఫిల్ కాల్చడానికి వెళ్లేవాడు, ఇప్పుడు ఇంట్లోనే తూటాలు నింపుకునే ప్రెస్సు కొన్నాడట. అక్కడ అందరూ చేస్తారంటాడు. ఇంట్లో మూడేళ్ల మనవడు ఉన్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. అది నిజంగా అంత మామూలు పనేనా?

జవాబు: అమ్మా, అబ్బాయి చెప్పినదాంట్లో నిజం ఉంది. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కరలేదు, లక్షల మంది ఇది చేస్తారు. అమ్మకానికి చేస్తేనే లైసెన్సు కావాలి. కానీ అబ్బాయిని మీరు మొదట అడగవలసింది ప్రెస్సు గురించి కాదు, వీసా గురించి. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకిని గానీ తూటాలను గానీ కలిగి ఉండడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధించింది. అక్కడి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ఆ చట్టంలో కూడా తూటా అంటే నిండు తూటా ఒక్కటే కాదు. డొప్ప, ప్రైమర్, బుల్లెట్, మందు వేటికవే లెక్కలోకి వస్తాయి. నేరం రుజువైతే 15 ఏళ్ల వరకు శిక్ష పడవచ్చు, ఆ దేశంలో ఉండే అవకాశమూ పోవచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. అబ్బాయి ఏ వీసా మీద ఉన్నాడో, వేట లైసెన్సు ఉంటే అది ఇప్పటికీ చెల్లుబాటులో ఉందో లేదో అక్కడి న్యాయవాది చేత చూపించుకోమనండి. అది తేలేదాకా బల్ల మీద ఏదీ ఉండకూడదు.

చట్టం అడ్డు లేదని తేలితే, కొత్తగా మొదలుపెట్టేవారికి అనుభవజ్ఞులు చెప్పే పద్ధతి ఇది. మొదటి కొనుగోలు యంత్రం కాదు, పుస్తకం. లైమన్, హార్నడీ వంటి సంస్థలు పరీక్షించి ప్రచురించే లోడింగ్ మాన్యువల్. ఏ బుల్లెట్‌కు ఏ మందు, ఎంత తూకంతో మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి అన్నది దానిలో ఉంటుంది. మొదలుపెట్టే తూకం సాధారణంగా గరిష్ఠం కన్నా పదోవంతు తక్కువ. కొందరు మొదటిసారే గరిష్ఠం దగ్గర మొదలుపెడతారు, అది దుడుకుతనం. వీడియోలో విన్న అంకెను, స్నేహితుడు కాగితం మీద రాసి ఇచ్చిన అంకెను నమ్మరాదు. ప్రెస్సు కూడా ఒక్కో పనిని విడివిడిగా చేసే సింగిల్ స్టేజిది అయితే మంచిది, చెయ్యి నిదానిస్తుంది, తప్పు కంటబడుతుంది.

పని ఎలా సాగుతుందో మీకు కొంత తెలిస్తే భయం ఒక రూపానికి వస్తుంది. కాల్చిన ఇత్తడి డొప్ప కొద్దిగా ఉబ్బి ఉంటుంది. దాన్ని శుభ్రం చేసి, నూనె రాసి, డై అనే ఉక్కు అచ్చులోకి నెట్టి తిరిగి కొలతకు తెస్తారు. అదే కదలికలో పాత ప్రైమర్ ఊడి వస్తుంది. అడుగున ఒకే రంధ్రం ఉన్న బాక్సర్ రకం డొప్పకే ఇది కుదురుతుంది, రెండు చిన్న రంధ్రాలుండే బర్డాన్ రకానికి, పాత ప్రైమర్‌ను నెట్టే డైలోని సూది విరుగుతుంది. తరువాత ప్రతి డొప్పనూ దీపం కింద తిప్పి చూస్తారు. అడుగుకు కొంచెం పైన చుట్టూ మెరిసే గీత ఒకటి కనిపిస్తే, లోపల ఇత్తడి పలచబడిందని అర్థం. కొక్కెంలా వంచిన సన్నని తీగతో లోపలి గోడను గీకితే ఆ చోట గాడి తగులుతుంది. అలాంటి డొప్ప తదుపరి కాల్పుకు రెండుగా తెగిపోతుంది గనుక దాన్ని నలిపి పారేయాలి. ఆ తరువాత పొడవు సరిచూసి, కొత్త ప్రైమర్ బిగించి, మందు తూచి పోసి, బుల్లెట్‌ను కూర్చోబెడతారు.

ప్రమాదాలు ఎక్కువగా మందు పోసే దగ్గరే జరుగుతాయి. పిస్తోలు డొప్పలో త్వరగా మండే మందు అడుగునే ఉంటుంది, అక్కడ రెండుసార్లు పోసినా పొంగిపోదు, పైకి తెలియదు. అందుకే డొప్పలన్నీ ఒక చెక్క పలకలోని గుంటల్లో నిలబెట్టి, బుల్లెట్ పెట్టకముందు టార్చి వేసి అన్నింటిలో మందు ఒకే మట్టంలో ఉందా అని పైనుంచి చూస్తారు. ఒకటి ఎత్తుగా కనిపిస్తే రెట్టింపు, ఒకటి చీకటిగా కనిపిస్తే ఖాళీ. ఖాళీది కూడా ప్రాణాంతకమే. ప్రైమర్ బలానికే బుల్లెట్ గొట్టంలోకి కాస్త జరిగి ఇరుక్కుంటుంది, చప్పుడు చిన్నగా వస్తుంది, ఆ చప్పుడును పట్టించుకోకుండా తరువాతి తూటా కాలిస్తే గొట్టం పగులుతుంది. ఈ పనికి కూర్చున్నప్పుడు ఫోను, టీవీ, పలకరింపులు ఉండకూడదని ప్రతి మాన్యువల్ చెప్పేది ఇందుకే. బల్ల మీద ఒక్క రకం మందు డబ్బానే ఉండాలి, మిగిలినది అదే డబ్బాలోకి తిరిగి పోయాలి, కంటికి అద్దాలు తప్పనిసరి.

మనవడి గురించి మీ ఆందోళన న్యాయమైనది. ప్రైమర్లు చిన్న పిల్లల వేళ్లకు బొమ్మల్లా అందుతాయి, దెబ్బ తగిలితే పేలతాయి. వాటిని కొన్న పెట్టెలోనే, మందును కొన్న డబ్బాలోనే, తాళం వేసిన అలమరలో, మంటకూ వేడికీ దూరంగా ఉంచాలి. కంటికి కనిపించని ఇంకొక హాని సీసం. కాల్చిన డొప్పలను శుభ్రం చేసే చోట లేచే దుమ్ములో సీసం ఉంటుంది, పసిపిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బ తీస్తుంది. ఆ పని వంటింట్లో, పిల్లవాడు పాకే తివాచీ మీద చేయకూడదు. పని ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకున్న తరువాతే పిల్లవాణ్ణి ఎత్తుకోవాలి. ఈ రెండు మాటలూ మీరు చెబితే అబ్బాయి వింటాడు. అబ్బాయి సెలవుకు వచ్చేటప్పుడు గుర్తుగా ఒక్క తూటా, ఒక్క డొప్ప కూడా సంచీలో పెట్టుకోకుండా, రేంజికి తీసుకెళ్లిన బ్యాగునే విమానానికి వాడకుండా చూడమనండి. అడుగున మరిచిపోయిన ఒక్క తూటాతో మన విమానాశ్రయాల్లో కేసుల్లో చిక్కుకున్నవారు ఎందరో ఉన్నారు.

ప్రశ్న: నేను బల్లార్షాలో పదకొండో తరగతి చదువుతున్నాను. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నాను, తరువాత యాభై మీటర్ల పోటీలకు వెళ్లాలని ఉంది. ఆ తూటాలను రీలోడ్ చేసుకుంటే సాధన ఖర్చు తగ్గుతుందా?

జవాబు: తగ్గదు, ఎందుకంటే ఆ తూటాలను నింపడం సాధ్యమే కాదు. యాభై మీటర్ల పోటీల్లో వాడే పాయింట్ టూ టూ తూటా రిమ్‌ఫైర్ రకం. దానికి విడిగా ప్రైమర్ ఉండదు, నిప్పు పుట్టించే రసాయనాన్ని డొప్ప అడుగు అంచు మడతలోనే నింపి ఉంచుతారు. సూది ఆ అంచును నొక్కి పేలుస్తుంది, నొక్కుకుపోయిన అంచు మళ్లీ పనికి రాదు. కాల్చిన డొప్ప ఒకదాన్ని కోచ్ దగ్గర అడిగి చూడండి, అంచు మీద ఒక పక్కన ఉలితో కొట్టినట్టు చిన్న గంటు కనిపిస్తుంది.

మంచి షూటర్లు దీనికి బదులు చేసే పని వేరు. ఒకే కంపెనీ, ఒకే పేరున్న తూటాలైనా తయారీ విడతను బట్టి ఒక్కో రైఫిల్‌లో ఒక్కో తీరుగా తగులుతాయి. అందుకని వేర్వేరు విడతల పెట్టెలు తెప్పించి, రైఫిల్‌ను కదలకుండా బిగించి కాల్చి, గుండ్లు దగ్గర దగ్గరగా పడిన విడతనే పోటీకి దాచుకుంటారు. అది చాలా తరువాతి మాట. ఇప్పుడు మీరు జిల్లా రైఫిల్ సంఘంలో చేరి, 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సమాఖ్య నిబంధనల ప్రకారం పోటీల్లో స్కోర్లు నమోదు చేయించుకోండి. తూటాలు క్లబ్బు ద్వారా అందే దారి అక్కడి నుంచే మొదలవుతుంది. గుళ్లతో చేసే ఎయిర్ రైఫిల్ సాధనను మాత్రం తక్కువగా చూడకండి. ట్రిగ్గర్ మీద వేలు కుదురు, శ్వాస, చూపు దానిలోనే పట్టుబడతాయి, ఖర్చూ తక్కువ.

ప్రశ్న: సిరొంచ ప్రాంతంలో మా పొలం దున్నుతుంటే తుప్పు పట్టిన తూటాలు నాలుగైదు బయటపడ్డాయి. మా తమ్ముడు వాటిలోని మందు తీసేసి ఇత్తడి ఉంచుకుందామంటున్నాడు.

జవాబు: తమ్ముణ్ణి వెంటనే ఆపండి. పాత తూటాలో మందు చెడినా ప్రైమర్ బతికే ఉండవచ్చు, దాన్ని పట్టకారుతో పట్టి లాగినా, సుత్తితో తట్టినా పేలవచ్చు. కాల్చడం, పాతిపెట్టడం, బావిలో వేయడం కూడా వద్దు. ఉన్నచోటనే వదిలి, గుర్తుగా ఒక కర్ర పాతి, పిల్లలను, పశువులను అటు పోనివ్వకుండా చూసి, 112కు ఫోను చేయండి. గడ్చిరోలిలో భూమిలోంచి బయటపడేవి తూటాలే కానవసరం లేదు గనుక, పోలీసులు వచ్చి చూసేదాకా ఆ చాళ్లలో నాగలి కూడా పెట్టకండి. ఎప్పుడు, ఎక్కడ దొరికాయో కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.